ఏసీ వేస్తే ఆరని బట్టల వాసన: అడగాల్సింది మెకానిక్‌నా, బావగారినా?

ఏలూరుకు దగ్గర్లో ఒక పల్లె హైస్కూల్లో పనిచేసే టీచరు గారి ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. ఇంటి నుంచి బడికి 26 కిలోమీటర్లు. రెండు బస్సులు మారి వెళ్ళాలంటే గంటన్నర పడుతోందని 2024 నవంబరులో ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్నారు. అమ్మింది బయటివాళ్ళెవరో కాదు, విజయవాడలో ఉండే బావగారే, భర్తకు సొంత అన్నయ్య. ఆయన ఆరేళ్ళు వాడిన చిన్న పెట్రోలు కారు, 3,80,000 రూపాయలకు ఇచ్చారు. చలికాలమంతా ఏసీతో పని పడలేదు. మార్చిలో వేయడం మొదలుపెట్టాక కొద్దిగా వాసన. జులైలో వానలు దిగాక అది ముదిరింది.

"పొద్దున ఏసీ వేయగానే, నాలుగు రోజులు ముసురు పట్టి దండెం మీద ఆరకుండా ఉండిపోయిన బట్టల వాసన గుప్పుమంటుంది. రెండు మూడు నిమిషాలకు తగ్గుతుంది. సాయంత్రం బడి నుంచి బయల్దేరేటప్పుడు మళ్ళీ అదే" అని రాశారు. వాన కురిసిన మర్నాడు మాత్రం ఏసీ వేయకపోయినా వాసన ఉంటోందట. ఎడమవైపు ముందు సీటు దగ్గర కాళ్ళ కింది మ్యాట్ రెండుసార్లు తడిగా కనిపిస్తే, పాప నీళ్ళ సీసా ఒలికిందనుకున్నారు. బడిలో కారు నిలిపేది బాదం చెట్టు నీడన.

ఇప్పటిదాకా చేసినవి చాలానే ఉన్నాయి. డ్యాష్‌బోర్డు మీద జెల్ పెర్ఫ్యూమ్ పెట్టారు. అత్తగారు గ్లవ్ బాక్సులో కలరా ఉండలు పెట్టారు. ఒక షెడ్డులో "గ్యాస్ అయిపోయింది" అంటే 2,200 పెట్టి గ్యాస్ కొట్టించారు. వాసన పోలేదు. ఇంకో వర్క్‌షాపులో డ్యాష్‌బోర్డు మొత్తం విప్పి కూలింగ్ కాయిల్ మార్చాలి, 16,500 అవుతుందన్నారు. ఈలోగా, పెట్రోలు ఖర్చు పంచుకుని ఈ కారులోనే వచ్చే తోటి టీచరు కొన్నాళ్ళు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. తర్వాత అద్దం దించుకున్నారు. పోయిన వారం "నాకు బస్సే నయం లెండి" అని మానేశారు. తొమ్మిదేళ్ళ పాపకు ఆయాసం, పిల్లికూతలు ఉన్నాయి. ఆదివారాలు కారులో వెళ్తే దగ్గు ఎక్కువవుతోందని అనుమానం.

ఇవన్నీ ఒక ఎత్తు, ఎవరో స్నేహితురాలు అన్న మాట ఒక ఎత్తు: "సెప్టెంబరులో బుడమేరు ముంచింది, నవంబరులో కారు మీకు అంటగట్టారు. లెక్క సరిపోలేదూ?" బావగారి ఇల్లు, విజయవాడలో అప్పుడు బుడమేరు వాగు ముంచిన సింగ్ నగర్ వైపే. వరదప్పుడు కారు బందరు రోడ్డులో ఆఫీసు దగ్గర ఉందని ఆయన అప్పట్లోనే చెప్పారు. అడుగుదామంటే భర్త ఒప్పుకోవడం లేదు. "నువ్వు అడిగేది కారు గురించే అయినా, అన్నయ్యకు అది తన నిజాయితీ గురించి అడిగినట్టే వినపడుతుంది" అన్నారట. ఇది వరదలో మునిగిన కారేనా, డ్యాష్‌బోర్డు విప్పించాలా, బావగారిని అడగాలా అని టీచరు గారి ప్రశ్నలు.

టీచరు గారూ,

మీ మూడు పేజీల్లో నాకు అన్నిటికంటే పనికొచ్చిన మాట, మీరు మాటవరసకు రాసిన "రెండు మూడు నిమిషాలకు తగ్గుతుంది" అన్నది. కారులో వాసన ఎక్కడిదో తేల్చడానికి ముక్కుతో పాటు గడియారం కూడా కావాలి. ఎప్పుడు మొదలై ఎప్పుడు పోతుందో చూస్తే సగం జవాబు దొరుకుతుంది. మీ కారులో ఉన్నది ఒక వాసన కాదని నా అనుమానం. రెండున్నాయి. ఏసీ వేయగానే వచ్చి పోయేది ఒకటి, వాన పడ్డ మర్నాడు ఏసీతో సంబంధం లేకుండా ఉండేది ఒకటి. రెండూ ఒకేలా అనిపించడంతో మీరు, మెకానిక్కులు, స్నేహితురాలు అందరూ కలిపి ఒకే ముడి వేసేశారు.

ముందు మొదటిది. డ్యాష్‌బోర్డు లోపల, ఎడమ సీటులో కూర్చున్నవారి మోకాళ్ళకు ఎదురుగా, అల్యూమినియం రెక్కలు దగ్గర దగ్గరగా పేర్చిన పెట్టెలాంటిది ఒకటి ఉంటుంది. మెకానిక్కులు కూలింగ్ కాయిల్ అనేది దాన్నే. గ్యాస్ లోపల తిరుగుతుంటే అది చల్లబడుతుంది, బ్లోయర్ గాలి దాని మీదుగా వచ్చి మీకు చల్లగా తగులుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన మంచినీళ్ళ సీసా బల్ల మీద పెడితే బయట చెమటలు పట్టినట్టే కాయిల్‌కీ పడతాయి. కొల్లేరు గాలి తగిలే మీ ఊళ్ళో మరీ ఎక్కువ. వానాకాలంలో గంట ప్రయాణానికి అర లీటరు నీళ్ళు దాటి కారినా ఆశ్చర్యం లేదు. ఆ నీళ్ళు ఒక రబ్బరు పైపు గుండా కారు కిందికి పోతాయి. ఆపిన కారు కింద నీళ్ళు చూసి కొత్తగా కొన్నవాళ్ళు ఏదో లీకవుతోందని కంగారుపడతారు కదా, అవే.

బడి దగ్గర మీరు ఏసీ, ఇంజిను కలిపి ఒకేసారి ఆపేస్తారు. తడిసిన కాయిల్ చీకట్లో, మూసిన పెట్టెలో, తలుపులు మూసిన కారు వేడికి ఉడుకుతూ సాయంత్రం దాకా ఉంటుంది. దాని మీద ఏళ్ళ తరబడి పేరుకున్న దుమ్ము, పుప్పొడి, వెంట్రుకలు. బూజు పట్టడానికి ఇంతకంటే మంచి చోటు ఏముంటుంది? ఏసీ వేయగానే మొదటి గాలి ఆ బూజు వాసనను మోసుకొస్తుంది. కాయిల్ మళ్ళీ చల్లబడి నీటి పొర కప్పాక తగ్గుతుంది. మన ముక్కు కూడా దానికి అలవాటు పడుతుంది. అందుకే ఆ రెండు మూడు నిమిషాలు. వరద చూడని కార్లకూ, రెండేళ్ళ కార్లకూ ఈ వాసన వస్తుంది.

ఇందులో గ్యాస్ ప్రసక్తే లేదు. ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, మూసిన గొట్టాల్లో తిరిగేది. ఎక్కడో కారితేనే తగ్గుతుంది, తగ్గితే చల్లదనం తగ్గుతుంది. మీకు చల్లదనం బాగానే ఉందని రాశారు. ఆ 2,200 పోయినట్టే అనుకోండి.

ఇక రెండోది, వానతో వచ్చే వాసన. ఆ మ్యాట్ తడిసింది పాప సీసా వల్లేనని నాకు నమ్మకం లేదు. నీళ్ళు రావడానికి రెండు దారులున్నాయి. ఒకటి, ఇందాక చెప్పిన రబ్బరు పైపు మూసుకుపోయి కాయిల్ నీళ్ళు వెనక్కి తన్ని కార్పెట్ మీద పడటం. దుమ్ము, బురద చాలు అది పూడటానికి. మట్టిగూళ్ళు కట్టే కందిరీగలకు కూడా ఆ గొట్టమంటే మహా ఇష్టం. రెండోది, ముందు అద్దం కింద వైపర్ల దగ్గర ఉండే నల్ల ప్లాస్టిక్ జాలీ. బయటి గాలి కారులోకి వచ్చేది అక్కడినుంచే. దాని కింద వాన నీళ్ళు పక్కలకు పోయే కాలువలాంటిది ఉంటుంది. అందులో ఆకులు కుక్కుకుంటే నీళ్ళు నిలిచి, బ్లోయర్ దారిలో లోపలికి దిగుతాయి. మీరు కారు నిలిపేది బాదం చెట్టు కింద. పండిన బాదం ఆకులు విస్తరాకులంతేసి ఉంటాయి, అవి ఎండి నలిగి జాలీలో పడితే ఇక చెప్పేదేముంది. నీడ కోసం చూసుకుంటే నీళ్ళు తెచ్చిపెట్టిందేమో ఆ చెట్టు.

ఈ రెండింటిలో ఏదో తేల్చడం ఒక ఆదివారం పొద్దుటి పని. వాన లేని రోజు చూసుకోండి. కారును ఎండిన నేల మీద నిలిపి ఇంజిను ఆన్ చేసి, ఏసీ ఫుల్లుగా పెట్టి ఇరవై నిమిషాలు ఉంచండి. బయటే, గాలి ఆడే చోట. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేకు వేసి ఉండాలి, పాప కారులో ఉండకూడదు. తర్వాత వంగి చూడండి. ముందు ఎడమ చక్రానికి కాస్త వెనగ్గా నీళ్ళు బొట్లు బొట్లుగా పడుతుంటే పైపు బాగున్నట్టు. నేల పొడిగా ఉంటే పైపు పూడిందన్నమాట. ఇది అయ్యాక ఇంజిను ఆపి, రెండు చెంబుల నీళ్ళు వైపర్ల కింది జాలీ మీద ఎడమవైపున నెమ్మదిగా పోయండి. మీవారిని లోపల కూర్చోబెట్టి, మ్యాట్ తీసేసి, కార్పెట్ మీద పాత న్యూస్‌పేపరు పరిచి దాన్నే చూస్తుండమనండి. పోసిన నీళ్ళు చక్రాల వెనక నుంచి కిందికి ధారగా పోవాలి. పోకుండా నిలిచినా, కాగితం మీద తడి మచ్చ కనిపించినా దొంగ దొరికినట్టే.

కార్పెట్ పైన చెయ్యి పెట్టి చూసి పొడిగా ఉందనుకోవద్దు. దాని కింద బొటనవేలు మందాన స్పాంజి ఉంటుంది. తలుపు దగ్గర గడపలాంటి ప్లాస్టిక్ పట్టీని మెల్లగా పైకి లాగితే క్లిప్పులు ఊడి, కార్పెట్ అంచు లేస్తుంది. వేళ్ళు లోపలికి పోనిచ్చి స్పాంజిని గట్టిగా నొక్కండి. చాలా కార్లలో పైన పొడిగా ఉండి, అడుగున పిండితే నీళ్ళు కారతాయి. అక్కడ తడి ఉన్నంతకాలం మీరు కాయిల్ మీద లక్ష పెట్టినా వాసన పోదు.

ఇప్పుడు చేయగలిగినవి చెబుతాను. ఏది ఎంచుకుంటే ఏమవుతుందో చూసుకుని మీరే తేల్చుకోండి.

అన్నిటికంటే చవకది మీ చేతులతో మొదలుపెట్టడం. బానెట్ ఎత్తి, జాలీ చుట్టూ ఉన్న ఆకులు, చెత్త ఏరేయండి. పైపు పూడితే మాత్రం మెకానిక్ దగ్గరే తీయించండి. కింద నుంచి గట్టి ఇనప తీగ పొడిస్తే కాయిల్‌కే కన్నం పడవచ్చు, అప్పుడు ఆ 16,500 నిజంగానే కట్టాలి. మెత్తటి గొట్టంతోనో కొద్దిపాటి గాలితోనో తీస్తారు. స్పాంజి తడిగా ఉంటే సీటు విప్పించి, కార్పెట్ ఎత్తి, రెండు మూడు రోజులు ఎండా గాలీ తగలనివ్వాలి. తర్వాత ఏసీ ఫిల్టర్. గ్లవ్ బాక్సును రెండు పక్కలా నొక్కి కిందికి దింపితే వెనకాల చిన్న మూత ఉంటుంది, దాన్లో ఫిల్టర్. ఆరేళ్ళలో ఎవరైనా మార్చారో లేదో తీస్తేనే తెలుస్తుంది. తెల్లగా ఉండాల్సింది బూడిద రంగు దాటి నల్లగా, ఆకుల ముక్కలతో ఉంటే మార్చేయండి. మామూలు కార్లకు కొన్ని వందల్లోనే దొరుకుతుంది. దాని మీద బాణం గుర్తు ఉంటుంది, గాలి పోయే దిక్కుకు అది సరిపోవాలి. కొన్ని చిన్న కార్ల తక్కువ రకం మోడళ్ళలో కంపెనీ వాళ్ళు ఫిల్టరే పెట్టరు, ఫిల్టర్ ఉండాల్సిన అర ఖాళీగా ఉంటుంది. మీదీ అలాంటిదైతే ఇన్నేళ్ళ దుమ్మూ నేరుగా కాయిల్ మీదికే పోయిందనుకోవాలి.

ఆ అర తెరిచేటప్పుడు ముక్కుకు మాస్కు, చేతికి గ్లవ్స్ వేసుకోండి. మా పక్కింట్లో బియ్యం కొట్టు ఉండేది. ఒకసారి నా కారులో ఏసీ గాలి తగ్గి, వాసన వస్తుంటే ఆ మూత తీశాను. సీట్ల స్పాంజి కొరికి తెచ్చుకున్న ముక్కలు, శనగ పొట్టు, ఒక హోటల్ బిల్లు, వాటి మధ్య ఎలుక కాపురం. ఫిల్టర్‌కు అరచేయి పట్టేంత కన్నం. ఎలుక మూత్రంతో లెప్టోస్పైరోసిస్ లాంటి జబ్బులు వస్తాయి కాబట్టి ఉత్త చేతులతో ముట్టుకోవద్దని చెప్పడం. మీ వాసన ఎలుక వాసన కాదులెండి. చచ్చిన ఎలుక వాసన రెండు నిమిషాల్లో తగ్గిపోదు.

ఇంత చేశాక, మొదటి రెండు నిమిషాల వాసన ఇంకా ఉంటే ఫోమ్ క్లీనింగ్ చేయించండి. ఉంటుందనే నా అంచనా. కాయిల్ కోసమే తయారుచేసిన నురగ మందును ఫిల్టర్ అర వైపు నుంచో పైపు వైపు నుంచో కొడతారు. పావుగంటో ఇరవై నిమిషాలో నాననిచ్చి ఏసీ వేస్తే మురికి నీళ్ళు కిందికి పోతాయి. ఇక్కడ వరస ముఖ్యం. పైపు తెరవకుండా ఫోమ్ కొడితే ఆ మురికంతా మీ కార్పెట్ మీదికే వస్తుంది. కొత్త ఫిల్టర్ పెట్టి ఆ తర్వాత ఫోమ్ కొడితే ఫిల్టర్ పాడవుతుంది. పాత ఫిల్టర్ తీయడం, ఫోమ్, ఆరబెట్టడం, అన్నీ అయ్యాక కొత్త ఫిల్టర్. షెడ్డు కుర్రాళ్ళు తొందరలో తిరగేసి చేస్తారు, దగ్గరుండి చూసుకోండి. కూలీతో కలిపి మామూలుగా వెయ్యి, రెండు వేల మధ్య అడుగుతారు. బూజు బాగా ముదిరితే రెండోసారి కూడా చేయించాల్సి రావచ్చు.

డబ్బు మిగులుతుందని ఎవరైనా బట్టల బ్లీచ్ కలిపి కొడతానంటే ఒప్పుకోవద్దు, అల్యూమినియంను తినేస్తుంది. ఓజోన్ మెషిన్ పెడతామనేవాళ్ళూ ఉన్నారు. ఓజోన్ ఊపిరితిత్తులకు మంట పుట్టించే వాయువు. ఆయాసం ఉన్న పాప ఎక్కే కారుకు నేనైతే ఆ జోలికి పోను.

డ్యాష్‌బోర్డు విప్పడం చివరి మాట. ఎప్పుడు తప్పదంటే, కాయిలే కారుతూ చల్లదనం పదే పదే తగ్గుతున్నప్పుడు, లేదా కాయిల్ మట్టితో పూడిపోయిందని కళ్ళతో చూసినప్పుడు. చూడటం కష్టమేమీ కాదు. ఫోనుకు తగిలించే సన్నటి తీగ కెమెరాలు ఇప్పుడు చాలా షెడ్లలో ఉన్నాయి. ఫిల్టర్ అరలోంచి దూర్చితే కాయిల్ ముఖం కనిపిస్తుంది. 16,500 అడిగినాయన్ని "ముందు కాయిల్ ఫొటో తీసి చూపించండి" అనండి. చూపించలేకపోతే, ఆయన కూడా మీలాగే ఊహిస్తున్నాడని అర్థం. విప్పితే మామూలుగా ఒకటి రెండు రోజుల పని, గ్యాస్ మళ్ళీ నింపాలి, పాత ప్లాస్టిక్ క్లిప్పులు కొన్ని విరుగుతాయి. ఆ తర్వాత గతుకుల రోడ్డు మీద డ్యాష్‌బోర్డు కటకటలాడుతుంటే ఆ చప్పుడు గురించి నాకింకో ఉత్తరం రాస్తారు. కొన్ని కార్లలో డ్యాష్‌బోర్డు మొత్తం దించకుండా ఎడమ పక్కనుంచే కాయిల్ తీయొచ్చు, మీ మోడల్ అలాంటిదేమో అడగండి.

పాప సంగతి వీటన్నిటికంటే ముందు చూడాల్సింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇళ్ళలోని చెమ్మ, బూజు మీద మార్గదర్శకాలు ప్రచురించింది. చెమ్మ, బూజు ఉన్నచోట మసిలేవాళ్ళకు ఉబ్బసం, దగ్గు, ఊపిరి సమస్యల ముప్పు ఎక్కువని అందులో తేల్చారు. కారులో గడిపేది కొద్దిసేపే అయినా, ఆ గాలి నేరుగా ముఖానికే కొడుతుంది. పాప దగ్గుకు కారే కారణమని నేను చెప్పలేను, అది డాక్టరు చూడాలి. ఏ రోజు కారెక్కింది, ఏ రోజు దగ్గింది, ఇన్‌హేలర్ ఎప్పుడు వాడారు అని ఒక క్యాలెండర్ మీద రాసిపెట్టి చూపించండి, ఆయనకు పని తేలికవుతుంది. శుభ్రం చేయించేదాకా పాప ఉన్నప్పుడు ఏసీ ఆపి అద్దాలు దించండి. తప్పనిసరిగా ఏసీ కావాలంటే, పాప ఎక్కకముందే తలుపులు బార్లా తీసి, బ్లోయర్ ఫుల్లుగా పెట్టి ఐదు నిమిషాలు తిప్పండి. ఫోమ్ కొట్టించిన రోజు పాపను ఎక్కించుకోవద్దు.

అత్తగారి కలరా ఉండలు ఈరోజే తీసేయండి. అది నాఫ్తలీన్, ఎండలో మూసిన కారులో ఆవిరై గాలి నిండా ఉంటుంది. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పిల్లలకు అది రక్తకణాలనే దెబ్బతీస్తుంది, ఆ లోపం ఉన్నట్టు ఇంట్లో ఎవరికీ తెలియకపోవచ్చు కూడా. ఆయాసం ఉన్నవాళ్ళకు ఆ ఘాటు ఎలాగూ పడదు. జెల్ పెర్ఫ్యూమ్‌దీ అంతే. పైగా ఇవి ఉంటే అసలు వాసన తగ్గిందో లేదో మీకే తెలియదు. పెద్దావిడకు "మీరు పెట్టినవి పనిచేయలేదు" అనక్కర్లేదు, "పాపకు పడవని చదివాను అత్తయ్యా" అంటే చాలు. మనవరాలి పేరు చెబితే కాదనే నాయనమ్మ ఉండదు.

ఇక బావగారు.

స్నేహితురాలి లెక్క వినడానికి బాగానే ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ చుట్టుపక్కల రోజుల తరబడి నీళ్ళు నిలిచాయి, వేల బళ్ళు మునిగాయి. వాటిలో కొన్ని కడిగి మెరుగుపెట్టి సెకండ్ హ్యాండ్‌లో అమ్ముడుపోయి ఉంటాయనుకోవడం తప్పేమీ కాదు. కానీ మీ ఉత్తరంలో తేదీలే ఆ లెక్కకు ఎదురు నిలుస్తున్నాయి. వరద నీళ్ళలో నానిన కారు వాసన ఎంత కడిగినా మామూలుగా త్వరలోనే తిరిగొస్తుంది. ఎండాకాలంలో మూసి ఉంచిన కారు తలుపు తీస్తే మురుగు కంపు కొట్టాలి. మీకు నవంబరు నుంచి మార్చి దాకా ఏమీ లేదు. మే నెలలో కూడా ఏసీ వేసినప్పుడే వచ్చింది. ముదిరింది వానల్లో, తడిసింది ఒక్క మూల. మునిగిన కారైతే నాలుగు మూలలూ ఒకేలా తడవాలి, డిక్కీతో సహా.

అయినా అనుమానం అనుమానమే, చూసుకుంటేనే పోతుంది. ముందు సీటు బెల్టును ఆగకుండా చివరిదాకా లాగండి. రోజూ బయటికి రాని చివరి మూర, స్తంభం లోపల చుట్టుకుని ఉంటుంది. కారు కడిగేవాళ్ళు దాన్ని మరిచిపోతారు. అక్కడ బురద చార గానీ నీటి గీత గానీ ఉంటే ఆలోచించాల్సిందే. బెల్టు కింద కుట్టిన చీటీ మీద తయారైన తేదీ ఉంటుంది, అది కారు వయసు కంటే కొత్తదైతే ఎందుకు మార్చారని అడగొచ్చు. సీటు కింద పట్టాలు, బోల్టులు తుప్పు పట్టాయా, డిక్కీలో స్టెప్నీ తీస్తే అడుగున ఒండ్రు మట్టి ఉందా చూడండి. చివరగా, ఆ కారు కంపెనీ సర్వీస్ సెంటర్‌కు ఆర్సీ తీసుకువెళ్ళి సర్వీసు హిస్టరీ అడగండి. ఇప్పుడు యజమాని మీరే కాబట్టి మామూలుగా చూపిస్తారు. 2024 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో సీట్లు విప్పడం, కార్పెట్ మార్చడం, వైరింగ్ పని ఏమైనా రాసుందా? బయటి షెడ్డులో చేయిస్తే అక్కడ ఉండదు, కానీ బెల్టు, స్టెప్నీ గుంట అబద్ధం చెప్పవు.

వీటిలో ఏదీ కనిపించకపోతే బావగారిని ఆ ప్రశ్న అడగాల్సిన అవసరమే లేదు. మీవారు అన్నది నిజం, అది కారు గురించిన ప్రశ్నలా వినపడదు. అడిగిన మాట వెనక్కి రాదు, పండక్కి కలిసినప్పుడల్లా ఇద్దరి మధ్యా అది కూర్చునే ఉంటుంది. ఆయన్ని వేరే ప్రశ్న అడగొచ్చు, అది మీకు నిజంగా పనికొస్తుంది కూడా: "బావగారూ, ఏసీ ఫిల్టర్ ఎప్పుడైనా మార్పించారా? కార్పెట్ తడవడం మీకూ ఉండేదా?" వాడిన మనిషిగా సలహా అడిగినట్టుంటుంది. ఆయన కూడా ఇదే బాధ పడి ఏదో ఒక షెడ్డులో ఏదో చేయించి ఉంటే, ఆ కబురు మీకు డబ్బు మిగులుస్తుంది.

గుర్తులు కనిపిస్తే సంగతి వేరు. అప్పుడు వాసన చిన్న విషయమైపోతుంది. కార్పెట్ కింద పోయే వైర్లు, ఎయిర్‌బ్యాగ్ కనెక్షన్లు లోలోపల పచ్చబట్టి, ఎప్పుడో అక్కరకు రాకుండా పోతాయి. దాన్ని పాప ఎక్కే కారులో అలా వదిలేయలేరు. మంచి ఎలక్ట్రీషియన్‌కు చూపించి, ఆ ఫొటోలు ముందు మీవారికి చూపించండి. అన్నదమ్ముల మాట ఆయనే మాట్లాడాలి. మీరు ముందు మాట్లాడితే "కోడలు అనుమానించింది" అన్నదే మిగిలి, అసలు విషయం పక్కకు పోతుంది. అప్పుడు కూడా బావగారికి తెలిసే అమ్మారని అనుకోనక్కర్లేదు. వరదలో ఆఫీసు దగ్గర కారుకు ఏమైందో డ్రైవరో వాచ్‌మనో చెప్పకుండా ఉన్న సందర్భాలు నేను చూశాను. కలిసి ఖర్చు పంచుకోవడమా, కారు వెనక్కివ్వడమా, ఉన్నదున్నట్టు చెప్పి తక్కువకు అమ్మేయడమా అన్నది ఆ మాటల్లో తేలుతుంది. చెప్పకుండా ఇంకొకరికి అంటగట్టడం మాత్రం మీకు నిద్ర పట్టనివ్వదు, ఇప్పుడే పట్టడం లేదని రాశారు కదా.

బాగుచేయించాక ఒక అలవాటు చేసుకోండి. బడి ఇంకో మూడు నాలుగు నిమిషాల్లో వస్తుందనగా ఏసీ బటన్ ఆపి, బ్లోయర్ మాత్రం గట్టిగా తిరగనివ్వండి. గాలి లోపలే తిరిగే బటన్ తీసేసి బయటి గాలి రానివ్వండి. దిగేసరికి కాయిల్ కొంతైనా ఆరుతుంది. కారు లోపల తిరిగిన గాలే తిరుగుతూ ఉండే ఆ బటన్‌ను చాలామంది కొన్న రోజు నొక్కి మళ్ళీ ముట్టుకోరు. లోపల మన ఊపిరి చెమ్మే పోగవుతుంది, దూరం వెళ్ళేటప్పుడు నిద్రమత్తు కూడా వస్తుంది. లారీ వెనక, దుమ్ములో వాడుకుని తర్వాత తీసేయాలి. బాదం చెట్టు నీడ వదులుకోలేకపోతే, వారానికోసారి జాలీ మీది ఆకులు ఏరే పని పెట్టుకోండి.

వాసన పోయిందో లేదో మీ ముక్కును నమ్మవద్దు, దానికి నెలల తరబడి అలవాటు. మీ తోటి టీచరును ఒక సోమవారం పొద్దున పిలవండి. ఏం చేయించారో ముందుగా చెప్పకండి, "ఈ ఒక్కరోజు రండి" అనండి చాలు. అద్దాలు మూసి, ఏసీ వేసి, ఏదో ఒక కబురు చెబుతూ ఉండండి. మూడు నిమిషాలయ్యాక ఆవిడ కొంగు ఎక్కడుందో ఓరకంట చూడండి.